వెనక్కి తొక్కితే ఆగుతుంది

సైకిళ్ల కొట్టు సియర్డ్ నాలుగు బళ్లూ గోడకి చేర్చి
మా ఎత్తులు కంటితోనే కొలిచి సీట్లు దించుతూ
ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు:
"చేతి బ్రేకు లేదు. వెనక్కి తొక్కితే ఆగుతుంది."
తలూపాను, అర్థంకానివాటన్నిటికీ ఊపినట్టే.

నలభై ఒకటో ఏట నేర్చుకున్నదాన్ని.
మా అపార్టుమెంటు సెల్లార్లో, స్తంభానికీ స్తంభానికీ మధ్య
క్యారియరు పట్టుకుని వెనకే పరిగెత్తింది కౌముది.
ఎప్పుడు వదిలేసిందో ఇప్పటికీ చెప్పదు.

ఫ్రీస్‌లాండ్.
ఇక్కడి సైకిలు బాటల్లో కూడలికో అంకె.
నలభై ఏడు నుంచి యాభై రెండు, అక్కణ్ణించి పద్దెనిమిది.
శేషు అరచేతిలో రాసుకున్నాడు బాల్‌పెన్నుతో.
చెమటకి ఎనిమిది నడుం జారిపోయి సున్నా అయింది.
లేని పదో నంబరు కోసం
ఒకే ఆవులమందను మూడుసార్లు చుట్టాం.
మూడోసారికి అవి తలెత్తడం మానేశాయి.

నేల ఎంత చదునంటే
అట్లపెనం మీద నాలుగు చీమలం.
గాలి మాత్రం నిలువునా ఉంది, గడియపెట్టిన తలుపులా.
భుజంతో నెట్టుకుంటూ ముందు శేషు,
వాడి వెనక, కాదు, ఆయన వెనక
(తొక్కి తొక్కి మర్యాద కూడా ఆవిరైంది)
కౌముది, తర్వాత నేను,
చివర, గంట కొట్టుకుంటూ, ఎవరూ లేని దారిలో
ఎవర్నో తప్పుకోమంటూ మా చిన్నాడు.

"ఆగండీ!" అని అరిచాను.
మాట నోటి దగ్గరే వెనక్కి తిరిగి
చిన్నాడి చెవిలో పడింది.
వాడు బుద్ధిగా ఆగిపోయాడు.
మిగతావాళ్లు చుక్కలైపోయారు.

ఆపుదామనుకున్నా.
వేళ్లు లేని బ్రేకును నొక్కాయి.
కాళ్లకి సియర్డ్ మాట గుర్తు రాలేదు.
కాలవగట్టు మీద పొదలోకి, రెండు చేతులతో సహా:
మన దురదగొండికి పినతల్లి కూతురే అయ్యుంటుంది,
అదే కోపం, ఇంకాస్త చల్లటి ఊళ్లో.

ఎక్కణ్ణించి ఊడిపడిందో ఒకావిడ,
మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, చేతిలో ఖాళీ బకెట్టు.
నా చెయ్యి తనదే అన్నట్టు లాక్కుని
గట్టున ఓ వెడల్పాటి ఆకు తుంచి
నమిలి, నేను ఛీ అనేలోపు
మంట మీద పులిమేసింది.
చల్లబడింది, ఏడుస్తున్న పిల్లకి ఉయ్యాల దొరికినట్టు.

"మీ పేరు?" అన్నాను, ఆవిడ వైపు వేలు చూపించి.
ఆవిడ తన చేతిలోని ఆకు చూసుకుంది.
"వేగ్‌బ్రే" అంది.
"థాంక్యూ వేగ్‌బ్రే గారూ" అన్నాను.
చిన్నాడు కూడా అన్నాడు, దణ్ణం పెట్టి మరీ.
ఆవిడ ఆకుకో దణ్ణం ఎందుకో తెలియక
బకెట్టు ఊపుకుంటూ వెళ్లిపోయింది.

పద్దెనిమిది దగ్గర వంతెన లేదు.
ఒక చెక్క పంటు, ఒక గొలుసు, ఒక ఇనపచక్రం.
పంటు అవతలి ఒడ్డున ఉంది; నడిపేవాడు ఏ ఒడ్డునా లేడు.
చక్రం తిప్పితే నీళ్లు కారే గొలుసుతో
మెల్లగా మా వైపు వచ్చింది,
పిలిస్తే కదిలే ముసలి గేదెలా.
మేమంతా ఎక్కాక చిన్నాడే తిప్పాడు.
సగం కాలవలో చేతులు నొప్పెట్టి నిలిపేశాడు.
ఎవరం ఏమీ అనలేదు.
తెచ్చుకున్న రొట్టెలు అక్కడే తినేశాం,
రెండు ఒడ్లకీ కాకుండా.

తిరుగుదారిలో గాలి మా పక్షం చేరింది.
ఎనిమిది కిలోమీటర్లు ఎవరు తొక్కారో తెలీదు.

కొట్టు దగ్గర, పచ్చటి నా చేతుల్ని చూసి
కట్టెవరు కట్టారన్నాడు సియర్డ్.
"వేగ్‌బ్రే గారు."
మొదట అర్థంకాలేదు.
తర్వాత కడుపు పట్టుకుని నవ్వి
ఇటుకల సందులో మొలిచిన ఆకొకటి పీకి
నా అరచేతిలో పెట్టాడు:
"ఇదుగో, మీ వేగ్‌బ్రే గారు."

మరి ఆవిడ?
పొద్దున నలభై ఏడుకీ యాభై రెండుకీ మధ్య ఎక్కడో
పేరు చెప్పకుండా ఉండిపోయిన ఆవిడ?

రాత్రి ఆకుని నా పాస్‌పోర్టులో దాచింది కౌముది,
వీసా ముద్రకి ఎదురు పేజీలో.
దీపం ఆర్పాక మళ్లీ అడిగాను:
"సెల్లార్లో ఎప్పుడు వదిలేశావే?"
నిద్ర నటించింది.
దుప్పటి కింద ఆ పిల్ల కాళ్లు
ఇంకా తొక్కుతున్నాయి, ముందుకే.