ఇతామి వాటా

ఒసాకా చుట్టూ విమానాశ్రయాలు మూడు.
ఇతామి ఊరి నడిబొడ్డున.
ఇంకోటి సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి,
ఏటా కాస్త కాస్త కుంగుతోంది.
మూడోది కోబే తీరాన,
పథ్యం మనిషికి వడ్డించినట్టు
లెక్కపెట్టి ఇచ్చిన విమానాలతో.

విచారణ రోజున నేను మినిట్స్ రాస్తున్నాను.
నా ఉద్యోగం మాటల్ని కుదించడం.

కురమిత్సు గారిది మెత్తని గొంతు:
"రద్దీ వేళ రుసుము పెంచితే చాలు,
విమానాలు వాటంతటవే
సముద్రం వైపు తప్పుకుంటాయి."
నీరు పల్లమెరుగు అన్నంత తేలిగ్గా.
రాసుకున్నాను.

వెనక వరసలోంచి త్సుజిమోతో యసుయె లేచింది.
కంచెకు రెండు వీధుల అవతల ఉడాన్ కొట్టు ఆమెది.
వాళ్లమ్మ కోర్టుకెక్కిన వాళ్లలో ఒకతె.
విమానం దాటేదాకా సగంలో ఆగిన మాటలన్నీ
నోటుబుక్కులో రాసి జడ్జి ముందు పెట్టిన మనిషి.
తీర్పు వచ్చేసరికి ఆమెకు వినబడటం మానేసింది.
దక్కింది రెండు పొరల కిటికీ.

ఈమె కూడా తీసుకుపొమ్మంటుందనే అనుకున్నాం.

"పంచండి," అంది.
"చప్పుడు మాకు పంచిన రోజున మాత్రం
ఈ పటం ఎవరూ తేలేదు.
మా నెత్తి మీదుగా దిగే ప్రతి విమానం కట్టే రుసుము
ఆ దీవి అప్పుకు వడ్డీగా పోతోంది.
మా చెవులు తాకట్టు పెట్టి
సముద్రంలో నేల కొన్నారు మీరు.
ఇప్పుడు పొద్దుటి ఏడింబావు విమానం తీసేస్తే
సామాను ఎత్తే పన్నెండు మందికి పనుండదు.
అందులో నెగోరో అని ఒకడు,
ఉల్లికాడలు రెండింతలు వేయమంటాడు.
వాడు మీ పటంలో ఏ గీత మీద ఉన్నాడు?"

కురమిత్సు గారు పెన్ను మూత పెట్టారు, తీశారు.
"ఆ అంకె మా పరిధిలోకి రాదండీ."

నేను రాసింది ఇది:
స్థానికురాలు ఒకరు సర్వీసులు కొనసాగాలని కోరారు.

ఆ రాత్రి ఆమె కొట్లోనే తిన్నాను.
ఆఖరి విమానం ఆలస్యమట.
తొమ్మిది దాటితే ఇక్కడ దిగనివ్వరు,
దీవికి మళ్లిస్తారు.
చారు కింద మంట తగ్గించి
"ఇంతకీ మీరు ఏం రా..." అంటూ
ఆమె మాట సగంలో ఆపింది, అలవాటుగా,
పైకి చూస్తూ.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది.
చప్పుడేమీ రాలేదు.
ఆ సందులో జవాబు చెప్పేందుకు
నాకు బోలెడంత సమయం దొరికింది.
గిన్నెలో మిగిలిన ఉల్లికాడలు ఏరుకుంటూ కూర్చున్నాను.