గుడారం విప్పే పద్ధతి

నరీన్ కొండల మీంచి కల్‌ముర్జా దిగివచ్చాడు,
కోటు నిండా పొగ వాసన,
సంచిలో నెత్తురు సీసాలు, మందు వేసే పాత సిరంజి.
"పురుగులు చచ్చాయి, అది తెలుసు.
ఇంకేం చచ్చిందో నువ్వు చెప్పు."

ఆ ప్రశ్నకి మా ఆఫీసులో పద్దు లేదు.

బిష్కెక్‌లో, మూడో అంతస్తులో, హీటరు పనిచెయ్యని గదిలో
నేను కణాలు లెక్కపెడతాను.
అతని గొర్రె నెత్తురులోంచి తెల్లకణాలు తీసి
పళ్ళెం గుంటల్లో పోశాను.
ఒక వరసకి మందు ఒక చుక్క, ఒక వరసకి రెండు,
మూడోదానికి చెయ్యి జారినంత.
చివరి వరసకి ఉత్త ఉప్పునీళ్ళు.

మర్నాడు దీపాలార్పి కూర్చున్నాను.
ఆకుపచ్చగా వెలిగితే పోతున్నట్టు,
ఎర్రబడితే పోయినట్టు.
ఈ పనిలో చీకటే శుభవార్త.

మొదటి వరసలో అక్కడక్కడ మిణుగురులు.
మూడో వరసలో లెక్క తప్పి
మళ్ళీ మొదలుపెట్టాను.

గాలివానకి చిరిగిన గుడారంలా పోవు ఇవి.
మా అత్త బుర్మాకాన్, చలి ముదరకముందే,
ఉన్ని గుడారం విప్పేది చూడాలి:
ముందు పైకప్పు, తర్వాత తాళ్ళు,
వాసాలు కట్టలు కట్టలుగా,
ఆఖర్న పొయ్యి బూడిద మీద పిడికెడు మట్టి.
కణమూ అంతే. లోపలి దారాలు తనే తుంచుకుని
చిన్న చిన్న మూటలవుతుంది,
మూట మీద "తీసుకుపొండి" అని గుర్తు పెడుతుంది.
పక్క కణం వచ్చి మింగుతుంది.
వాపు లేదు, జ్వరం లేదు.
గడ్డిలో పాలిపోయిన గుండ్రం, అదీ కొన్నాళ్ళే.

ఎవరు చెప్పారు వీటికి చలికాలం వచ్చిందని?
మంచు పడలేదు. మందు పడింది.

పళ్ళెం గొర్రె కాదు.
రిపోర్టులో మొదటి లైనే అది.

"అయితే వెయ్యొద్దా?"
నిరుడు మందు వెయ్యని పదిహేడు పిల్లలు
దవడ కింద నీరు దిగి, పాలిపోయి, లేవలేదు.
ఆ మాట అతనే చెప్పాడు,
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని.

"వెయ్యి. తూచి వెయ్యి."
"కొండ మీద తూకమెక్కడిది? చేత్తో ఎత్తి చూస్తా."
"ఆ చెయ్యే నా మూడో వరస, కల్‌ముర్జా."

అరచెయ్యి చూసుకున్నాడు కాసేపు.
తర్వాత కన్ను అద్దానికి ఆనించి,
ఊపిరి బిగబట్టి, నాలుగు వరసలూ చూశాడు.

"ఉత్త ఉప్పునీళ్ళన్నావు. ఇందులోనూ వెలుగుతున్నాయే నాలుగైదు?"

"వాటికి వేళయింది," అన్నాను.
"ఎవరూ తొందరపెట్టలేదు."