'టి' డ్రాయరు

మంగళవారాలు మూంటా లైబ్రరీలో
నాకు 'టి' డ్రాయరు అప్పగించారు.
తెరిస్తే అందరూ ట్రెగెన్జాలే.

రాగి గని కెప్టెన్ ట్రెగెన్జా, గడ్డంతో సహా.
తాగుడు మానమని ఊరూరా మొత్తుకున్న ట్రెగెన్జా,
అతని సొంత తమ్ముడు, సారా దుకాణం ట్రెగెన్జా.
ఇంటిపేరు కస్తూరివారు... మిగతా సగం మీకు తెలుసు.
గుర్రాన్ని దొంగిలించి దాని మీదే దొరికిపోయినవాడు.
టైఫాయిడ్ ఏడాది వార్డులో కన్నుమూయని నర్సు లవ్‌డే.
ఒక కార్డు మీద పేరే లేదు:
పాప, పదకొండు రోజులు.

అందరికీ ఒకటే గుమ్మం. లోపల ఎవరి పొయ్యి వారిది.

ఒకాయన వచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.
"నేనూ ట్రెగెన్జానే" అన్నాడు. నరుంగ్గ మనిషి.
"జీతాల పుస్తకంలో రాయడానికి
మా తాతకో పేరు కావాల్సొచ్చిందట.
కెప్టెన్ తన పాత చొక్కా ఇచ్చినట్టే అదీ ఇచ్చాడు.
చొక్కా ఎప్పుడో చిరిగిపోయింది."

డ్రాయరంతా వెతికాను.
గుర్రపుదొంగకి రెండు కార్డులున్నాయి.
తాతకి లేదు.

నన్నిక్కడ అందరూ చిర్రావూరీ అంటారు,
మనిషిని కాక ఊరిని పిలిచినట్టు.
పలుకుతాను.

కొత్త కార్డు తీసి అడిగాను:
"ఆయన అసలు పేరు?"
చెప్పాడు. మళ్ళీ చెప్పించుకున్నాను.
పలుకు చెడకుండా ముందు తెలుగులో రాసుకున్నాను.

ఏ అక్షరం కింద పెట్టాలో తేలక
లైట్లు ఆర్పేదాకా
కార్డు నా చేతిలోనే ఉంది.