బొక్క

ఎక్స్‌రేని కిటికీకి అడ్డం పట్టి
డాక్టర్ తహసీన్ మేడమ్ చూపించింది:
మోకాలి కింద, పెద్ద బొక్క నడుమ
రెండు వేళ్లు పట్టేంత జాగ.
అందులోంచి మసకమసకగ
అఫ్జల్‌గంజ్ బస్సు ఒకటి పోయింది.

మా దిక్కు బొక్క అంటే ఎముక,
బొక్క అంటే తూటు కూడ.
నాకు రెండూ ఒక్క చోటనే పడ్డయ్.

ముషీరాబాద్‌ల ఇరవై రెండేండ్ల డెంటింగ్ పని నాది.
సొట్ట వడ్డ బానెట్లు, చినిగిన డోర్లు,
జాగ కనిపిస్తే చాలు
చెయ్యి లప్పం డబ్బా దిక్కు పోతది.
"లప్పం పెట్టుండ్రి మేడమ్" అన్న.
నవ్వలేదు. "ఉన్నది" అన్నది.

టేబుల్ మీద చిన్న సీసా. తెల్లటి గింజలు,
సాబుదానా కంటే సన్నం.
ఫ్యాక్టరీల కాల్చి చేసిన సున్నపు గింజ.
ఎంతంటే అంత దొరుకుతది,
కానీ పానం లేదు దాంట్ల.
గోడకు గోవ కట్టినట్టు నిలవడి ఉంటది,
మేస్త్రీలు నీ నెత్తురుల నుంచే రావాలె.

రెండోది ఫ్రిజ్‌ల ఉన్నదంట,
సున్నాకు ఎనభై కింద.
తుంటి మార్పించుకున్న ఎవరో ముసలమ్మ,
తీసేసిన గుండు ఇచ్చిపోయింది.
పరీక్షలన్నీ చేసిన్రు. పేరు మాత్రం చెప్పరు.
నేనే అనుకున్న: మలక్‌పేటల మూడో అంతస్తు,
లిఫ్ట్ లేని ఇల్లు,
నీళ్ల బిందెలు మోసి మోసి అరిగిన గుండు.

మూడోది నీదే, అన్నది,
నా నడుము పక్క బొక్క మీద వేలితోటి తట్టి.
మాలుకు పైసల్లేవు, మేస్త్రీలు లోపల్నే ఉన్నరు.
దీన్ని మించింది లేదు.
కానీ ఒక గాయం మాన్పనీకి ఇంకో గాయం.
అదీ ఎంతని తీస్తం?

బాలామణి పొద్దుగాల ఐదింటికి
లైన్ల నిలవడి తెచ్చిన పాయా
టిఫిన్ డబ్బాల చల్లారుతున్నది.
బొక్కకు బొక్కే బలం అంటది.
ఈ ఊర్ల నేను జుర్రిన నల్లీలన్నీ పేరిస్తే
రెండు వేళ్ల జాగ నిండదా మేడమ్?
అప్పుడు నవ్వింది.

"నాదే తియ్యుండ్రి."
"సరిపోకుంటే?"
"ముసలమ్మది కలుపుండ్రి."
సరిపోలె.

మూడు నెలలకు జాగల మొగులు వట్టింది.
తొమ్మిదో నెలల తెల్లగ గట్టివడ్డది.
ఏది నాది, ఏది ఆమెది,
మేడమ్ కూడ గీత గీసి చూపలేకపోయింది.
నా లప్పం గట్ల కాదు.
ఎన్నేండ్లైనా రేకు రేకే, లప్పం లప్పమే,
పెయింట్ కింద ఒకదానికొకటి పరాయి.

కాలు మంచిగనే ఉన్నది.
గుంజేది నడుమే, ఇచ్చిన కాడ.
వాన వచ్చేటట్టుంటే చెయ్యి అక్కడికే పోతది.

మొన్న అమీర్‌పేట మెట్రోల లిఫ్ట్ బంద్.
మెట్ల కాడ ఆగిన, రెయిలింగ్ పట్టుకోని.
ఎనక ఎవడో "జరుగు భాయ్" అన్నడు.
నాకంటే ముందు కాలే లేచింది,
మెట్లెన్నో ఎరిగినట్టు.