హాజరు పట్టీలో ఖాళీ గీత

రాత్రి తొమ్మిదికి మెలింకాలో జనరేటర్ ఆగిపోతుంది.
పాత లారీ బ్యాటరీకి రేడియో తగిలించి
నేను హాజరు పిలుస్తాను.
రొసమెల్, సాల్మన్ తెప్పల కాపలా: ఉన్నాను, కాంబియో.
ఎదువినా, దీపస్తంభం కింది ఇల్లు: ఉన్నాను, మోకాలు నొప్పి, కాంబియో.
ఒవిడియో పలకడానికి ముందు దగ్గుతాడు.
ఆ దగ్గునే హాజరు వేసుకుంటాం.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ పిలుపు నడుస్తోంది.
సగం మంది ముఖాలు నేనెరగను.
ఎదువినా పొడుగో పొట్టో తెలీదు,
ఉల్లిపాయలు తరిగేటప్పుడు
ఆమె మాట ఎక్కడ విరుగుతుందో తెలుసు.

కొత్త గొంతు వస్తే వెంటనే ఎవరూ పలకరు.
మూడుసార్లు పిలవనిస్తాం.
అప్పుడు ఒవిడియో అడుగుతాడు:
నీ కిటికీ దగ్గర గాలి ఎటు?
గాలి గురించి అబద్ధమాడటం కష్టం,
మాలో ఎవరో ఒకరు ఆ గాలిలోనే ఉంటారు.

నన్నూ అదే అడిగారు.
కలామా ఎడారిలో పుట్టి, పెళ్ళై ఈ నీళ్ళమధ్య పడ్డదాన్ని,
వాయవ్యమో నైరుతో నాకేం తెలుసు?
"ఆరేసిన బట్టలు కొండవైపు ఎగురుతున్నాయి" అన్నాను.
అవతల నవ్వులు.
నవ్వుల వెనక ఎవరో ముసలామె,
"లోపలికి తెచ్చుకో పిల్లా, గంటలో వాన."
ఆ మాటతో నేనీ ఊళ్ళో మనిషినయ్యాను.

ఇప్పుడు రిజిస్టరు నా ఒళ్ళో ఉంది.

ఒక చలికాలం తియ్యటి గొంతొకటి వచ్చింది.
గాలి ఎటో కచ్చితంగా చెప్పింది.
అందరి పిల్లల పేర్లూ అడిగింది,
పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంది.
ఐదో వారం, సగం ధరకి డీజిల్, ముందు బయానా అంది.
పడవ ఇంజను కోసం రొసమెల్ దాచిందంతా
ఆ గొంతుతో పాటే పోయింది.
కదిలిస్తే ఇప్పటికీ వాతావరణం మాట్లాడతాడు.

అప్పట్నుంచి మా ఒక్క ప్రశ్న మూడైంది,
మూడు ఏడయ్యాయి.

మొన్న జూలైలో, సరిగ్గా హాజరు మధ్యలో,
ఒక ఆడగొంతు నోల్బెర్తో పేరు చెప్పుకుంది.
నోల్బెర్తోని మేమే పాతిపెట్టాం.
ఆ పేరు మీద గీత కొట్టింది నేనే,
ఎర్రసిరాతో, స్కేలు పెట్టి.
ఎవరు నువ్వు?
ఈ డబ్బా మీద ఈ పేరే రాసుంది.
గాలి ఎటు?
తెలీదు, కిటికీకి చెక్క కొట్టేశాను.
ఎందుకు? ఎవరున్నారు అక్కడ?
ఆకుకు అందని, పోకకు పొందని జవాబులు.
వెనకాల ఇనుము మీద ఇనుము,
గొలుసో గరిటో.
చివరికి అడిగింది: "మీలో ఎవరి దగ్గరైనా డీజిల్ ఉందా?"

ఆ ఒక్క మాటకి
దీవి దీవికీ ఒళ్ళు బిగుసుకుంది.
మౌనం, అన్నాడు రొసమెల్. కాంబియో.
అది మా ఆఖరి కట్టుబాటు.
తిట్టం, తరమం. పలకం, అంతే.
ఇరవై బొటనవేళ్ళు మీటల మీద,
ఒక్కటీ కిందికి దిగదు.
నా వేలూ దిగలేదు.
ఆ గొంతు ఇంకా రెండుసార్లు పిలిచింది.
రెండోసారికి
మాట చివర "కాంబియో" అనడం నేర్చుకుంది.

వారం తర్వాత ఎదువినా అంది, ఉల్లిపాయలేమీ తరగకుండానే:
దొంగైతే మన పుట్టినరోజులు అడిగేది.

ఎవరూ జవాబివ్వలేదు.
తెల్లారి రొసమెల్
వలలు చూసొస్తానని చెప్పి నోల్బెర్తో దీవికి వెళ్ళాడు,
వలలు అటువైపు లేవు.
పొయ్యి చల్లగా ఉందట. మేకులు కొత్తవట.
అంతే చెప్పాడు.
డీజిల్ క్యాను గుమ్మంలో వదిలొచ్చిన సంగతి
అతని పెళ్ళాం చెప్పింది.

ఎర్రగీత కింద ఒక గీత ఖాళీగా ఉంచాను.
ఆఖరి పేరు అయ్యాక కాసేపు ఆగుతాను.
బ్యాటరీ ఖర్చవుతుందని ఒవిడియో దగ్గుతాడు,
దగ్గనీ.
ఇక్కడ గాలి బట్టల్ని కొండవైపు తోస్తోంది,
ఎవరూ అడగకుండానే చెప్తాను,
గంటలో వాన రావచ్చు.
కాంబియో.