నలభై మీటర్లు

నా రేడియోకి ఉన్న బలం ఐదు వాట్లు.
జీరో బల్బులో మూడో వంతు.
ఎవర్ని పిలవాలన్నది తర్వాత,
ఏ దారిన పిలవాలో ముందు తేలాలి.

పది మీటర్ల బ్యాండుకి తీగ పొట్టిది, ఖర్చు తక్కువ.
కానీ పొద్దు గూకితే ఆ దారి మూసేస్తారు,
నేను డ్యూటీ దిగేదే అప్పుడు.
ఇరవైలో కిలోవాట్ల వాళ్ల తిరునాళ్ల,
చెయ్యెత్తినా వాళ్ల భుజాల కిందే ఉంటాను.
చీకట్లో దూరం నడిచేది నలభై.
దానికి ఇరవై మీటర్ల తీగ కావాలి.
సోహార్‌లో మా క్యాంపు డాబా
నీళ్ల ట్యాంకు నుంచి డిష్ దాకా పద్నాలుగే.
మంచం పొట్టిదైతే కాళ్లు ముడుచుకోవాలి కదా,
మిగతా ఆరూ మెట్లగదిలోకి మడిచాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే హోరు.
అరవై నాలుగు గదులు, అరవై నాలుగు ఏసీలు.
ఒక్కొక్కటీ నాకు పేరుపేరునా తెలుసు.
పదకొండో గదిదానికి కెపాసిటర్ మార్చిందీ
ముప్ఫైదానికి గ్యాసు పట్టిందీ నేనే.
పగలు నేను బతికించినవే
రాత్రి నా చెవిలో ఇసుక పోస్తాయి.
ఆగస్టులో ఎవర్ని ఆపమని అడుగుతాను?

ముప్ఫై మీటర్ల బ్యాండుకి పద్నాలుగు చాలు,
డాబాకి కొలిచినట్టు సరిపోతుంది, హోరూ కాస్త తక్కువ.
శుక్రవారం రాత్రి కత్తెర పట్టుకుని పైకెక్కాను.

అప్పుడే పోయింది కరెంటు.
క్యాంపు మొత్తం.

ఫ్యాను ఆగాక గోడగడియారం వినబడ్డట్టు
అడుగున ఎవరో, సన్నగా,
గీత, చుక్క, గీత, చుక్క.
లెసోతో. పేరు టెబోహో.
బ్యాటరీ మీద జవాబిచ్చాను.
మూడు, మూడు, తొమ్మిది అన్నాడు:
వినీ వినబడనట్టున్నావు, గొంతు మాత్రం శుద్ధం.
అక్కడ మైనస్ రెండట, హీటరు పక్కన కూర్చున్నాడట.
ఇక్కడ ముప్ఫై ఎనిమిది అని కొట్టాను.
చెమటకి వేలు జారి ఒక చుక్క ఎక్కువైంది,
అటునుంచి ప్రశ్నార్థకం వచ్చింది.
మళ్లీ కొట్టాను, నెమ్మదిగా.

కింద లింబాద్రి అరుస్తున్నాడు:
"అన్నా, ఏడున్నవే? మెయిన్ ట్రిప్ అయింది, జల్ది రా!"
అరుగుల మీద, కార్ల బానెట్ల మీద
తడిసిన బనియన్లతో మనుషులు.
ఆ మెయిన్ ఎత్తితే ఏం పోతుందో
ఈ క్యాంపులో నాకొక్కడికే తెలుసు.

డెబ్బై మూడు, అన్నాను టెబోహోతో. అంటే సెలవు.
రెండు నిమిషాలు ఎక్కువే తీసుకున్నాను,
లింబాద్రికి ఈ సంగతి చెప్పలేదు.

మెయిన్ ఎత్తాను.
ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి కంప్రెసర్లు,
వరండాలో ఎవరో ఈల వేశారు.
కత్తెర డాబా మీదే ఉండిపోయింది. తీగ అలాగే ఉంది.
పదకొండోది మాత్రం మూడోసారికి గాని లేవలేదు.
కెపాసిటర్ మళ్లీ చూడాలి.