నోటితో చెప్పాల

నెల్లూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కి
కిటికీ పక్కన కూలబడినాక చూసినా,
నెత్తి మీద ఎర్ర అక్షరాలు: అత్యవసర ద్వారం.
మళ్ళీ ఇదే సీటా నా నుదుట!

రాత్రి ఢిల్లీ విమానంలో
ఇట్టాంటి సీట్లోంచే నన్ను లేపింది ఒక బిడ్డ.
కొయ్య గరిటెలు సంతలో అమ్ముకోని వస్తా వుంటే
పన్నెండో వరస ఇచ్చినారు.
కాళ్ళు బారజాపుకునేంత చోటు.
యాభై ఏండ్లు గొంతుక్కూచున్న మోకాళ్ళు
అబ్బ, అనుకున్నాయి.

ఆ బిడ్డ హిందీలో ఏందో అడిగింది, ఇంగ్లీషులో అడిగింది.
"ఏందిమ్మా?" అన్నా.
అప్పుడు నవ్వింది. "మాది కావలి తాతా."
కోటు మీద పేరుండాది, పక్కనాయన చదివి చెప్పినాడు, నిస్సి.
ఇది తలుపు తాతా,
ఏదన్నా అయితే ఈ పిడి లాగాల,
తలుపు బయటికి తొయ్యాల, చేస్తారా?
"ఎందుకు చెయ్యనమ్మా" అని చెయ్యెత్తినా.
ఎత్తకుండా వుండాల్సింది.

కుడిచేతికి మూడే వేళ్ళు.
నర్ది కొయ్య కోస్తా వుంటే మిగతా రెండూ
రంపం మిషను పట్టకపోయింది.
ఆ పొద్దు చేసిన గరిటె కూడా అమ్ముడుపోయింది లే.

ఆమె చూపు ఆ సందు కాడ ఆగింది.
"మీరు వెనక వరసకి రావాల తాతా."
"తలుపు తియ్యను పది వేళ్ళు కావాల్నా?
ఎనిమిదితోనే ఇల్లు కట్టినా,
ఇద్దరాడబిడ్డల్ని చదివించినా..."
గొంతు పెంచలా ఆమె.
నా సీటు పక్కన మోకాళ్ళ మీద కూచోని
నెమ్మదిగా చెప్పింది,
"రెండు చేతులకీ పట్టు వుండాల.
నూటా ఎనభై మంది తాతా.
మా నాయన కూచున్నా లేపతా."
నా మూట తనే మోసుకొచ్చింది.
మూటలోంచి గరిటె కాడ ఒకటి
దోవ పొడుగునా ఆమె మోచేతిని పొడస్తానే వుండాది.

నా చోట్లో ఒక కోటాయన కూచున్నాడు.
ఫోను చూస్తా తలకాయాడించినాడు.
"నోటితో చెప్పాల సార్."
మళ్ళీ ఆడించినాడు.
"తలాడిస్తే సరిపోదు సార్."
మూడోసారికి ఎస్ అన్నాడు,
కండ్లకి గుడ్డ కట్టుకోని నిద్రపోయినాడు.

కోపం రాలేదా అంటే, వచ్చింది.
నిద్ర మాత్రం రాలా.
చెన్నై దీపాలు కనపడేదాకా
వెనకనించి ఆ తలుపునే చూస్తా కూచున్నా,
ఆయన తరఫున.

ఇప్పుడు ఈ బస్సు.
తలుపుకి అడ్డంగా ఎర్రగడ్డల మూట.
పిడికి నాలుగు చుట్లు కట్టు తీగె.
"ఆ తలుపు ఎవురు తీస్తారు తాతా"
అంటా కండక్టరు టికెట్టు కొట్టినాడు,
"తీస్తే ఊడి చేతికొస్తాది."
బస్సు పెన్న వంతెన ఎక్కింది.
కింద ఇసక, ఆడాడ నీళ్ళు.
నేను తలకాయలు లెక్కపెట్టినా:
యాభై మూడు. సంకలో బిడ్డలు కాక.

బుచ్చి కాడ ఒక చుట్టు వదిలింది.
తుప్పు. గోరు కింద రక్తం.
సంగం కాడ రెండు.
ఎర్రగడ్డలామె అరిచింది,
"నీ అబ్బ సొమ్మా సీటు? మూట ఏం చేసింది నిన్ను?"
నేనూ గొంతు పెంచలా.
ఆమె కాళ్ళ కాడికి మూట జరిపి, గరిటె ఒకటి చేతికిచ్చినా.
గొణుక్కుంటానే తీసుకుంది.

ఆత్మకూరులో ఆఖరి చుట్టు.
గొళ్ళెం గట్టిదే. పిడి కదిలింది, కిర్రుమనింది.
ఎనిమిది వేళ్ళూ పెట్టి చూసినా.
కదిలిందే కానీ, నిజం చెప్పాలంటే
ఎడమ చెయ్యి లాగినంత కుడి చెయ్యి లాగలా.
కావలి బిడ్డ గుర్తొచ్చింది.

అంతలోకే కాలేజీ పిలగాడొకడెక్కి పక్కన కూచున్నాడు,
చెవుల్లో తీగెలు.
"అబ్బయ్యా, లేచి ఇటు కూచో, తలుపు పక్కన.
ఏదన్నా అయితే ఈ పిడి లాగాల,
తలుపు బయటికి తొయ్యాల. చేస్తావా?"
తలకాయాడించినాడు.

"నోటితో చెప్పాల."

ఒక చెవిలో తీగె పీకి, "ఏంది తాతా?" అన్నాడు.
మళ్ళీ మొదట్నించీ చెప్పినా.